పెట్టెలో ఉన్నదల్లా మందేనా?

‘మందుల కొరత లేదు.’ 108 అంబులెన్సుల గురించి ఎవరు అడిగినా అధికారుల నోట వచ్చే మాట ఇదొక్కటే. రిజిస్టర్ తిరగేస్తే నిజమేననిపిస్తుంది కూడా. అడ్రినలిన్ ఇన్ని, అట్రోపిన్ ఇన్ని, ఆక్సిటోసిన్ ఇన్ని. పక్కన టిక్కులు, కింద సంతకం. ఆ ఆంప్యూల్ (ఇంజెక్షన్ మందు నింపిన చిన్న గాజు బుడ్డి) వారం రోజులుగా ఎంత వేడిలో మగ్గిందో, ఉన్న సరుకు ఒక్క రోగికైనా ఆసుపత్రి గుమ్మం దాకా సరిపోతుందో లేదో టిక్కుతో తేలదు. లెక్క సరిపోయింది కాబట్టి మందు ఉన్నట్టేనని నమ్మించే ఈ అలవాటే మా అభ్యంతరం.

ముందు ఎండ సంగతి. మే నెలలో నెల్లూరు, ఒంగోలు 43 డిగ్రీలు చూడటం కొత్తేమీ కాదు, 45 దాకా పోయిన రోజులూ ఉన్నాయి. కాల్ కోసం కావలి దగ్గరో, సింగరాయకొండ దగ్గరో హైవే పక్కన అద్దాలు మూసి నిలిపిన బండిలో గంట తిరిగేసరికి 55 డిగ్రీలు దాటుతుంది. ఏసీ ఇంజిన్ నడిచినంతసేపే. ఇంజెక్షన్ల మీద ఉండే ‘25 డిగ్రీల లోపు’, ‘30 మించరాదు’ అన్న సన్నటి అక్షరాలు ఎవరి కోసం అచ్చువేశారో మరి.

అన్నిటికంటే ముందు దెబ్బతినేది కాన్పయ్యాక రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. బండిలోనే కాన్పు అయితే బిడ్డ బయటపడిన నిమిషంలోపు తల్లికి 10 యూనిట్లు కండలోకి ఎక్కించాలి. 5 యూనిట్ల ఆంప్యూల్స్ అయితే రెండు. అడ్రినలిన్ పాడైతే నయం, గులాబీ రంగుకో గోధుమ రంగుకో తిరిగి కంటికి చెబుతుంది. ఆక్సిటోసిన్ అలా కాదు. బలం పోయినా నీళ్లలా తేటగానే ఉంటుంది. గడువు తేదీ దాటదు, రంగు మారదు, టిక్కు పడుతుంది. ఇంజెక్షన్ ఇచ్చినట్టు కాగితం మీద రాస్తారు. గర్భసంచి మాత్రం గట్టిపడదు, రక్తం ఆగదు. అప్పుడూ ‘కొరత లేదు’ అన్న మాట అక్షరాలా నిజమే!

ఇక పురుగుమందు విషానికి విరుగుడైన అట్రోపిన్. దర్శి, పొదిలి, మార్కాపురం వైపు మిర్చి, పత్తి చేలున్నచోట పురుగుమందు విషప్రభావం తరచూ వచ్చే కేసే. పిచికారీ చేస్తూ పీల్చినా, మరెలా లోపలికి పోయినా ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు చేసే పని ఒకటే: నోట నురగ, ఒళ్లంతా చెమట, సూదిమొనంత కనుపాపలు, ఛాతీలో గురగుర. మనిషి తన ఊపిరితిత్తుల్లో ఊరిన నీటిలో తానే మునిగిపోతుంటాడు. మనకు దొరికే అట్రోపిన్ ఆంప్యూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములు. మొదటి విడత 1.8 మిల్లీగ్రాములంటే 3 ఆంప్యూల్స్. 5 నిమిషాల్లో ఛాతీ తేటపడకపోతే రెట్టింపు, 6. అప్పటికీ లొంగకపోతే మళ్లీ రెట్టింపు, 12. పట్టుమని పావుగంట కాకముందే 21 ఆంప్యూల్స్ ఖర్చయ్యాయి. మార్కాపురం నుంచి ఒంగోలు దాదాపు 100 కిలోమీటర్లు. బండి ఊరి పొలిమేర దాటకముందే పెట్టె ఖాళీ! కుదుపుల్లో ఒక్కొక్క గాజు మెడ విరుస్తూ, సిరంజిలోకి లాగుతూ ఒంటరి ఈఎంటీ (బండిలో ఉండే అత్యవసర వైద్య సహాయకుడు) పడే పాట్లు వేరే చెప్పాలా? 10 మిల్లీలీటర్ల పెద్ద సీసాలు (వయల్స్) తయారవుతూనే ఉన్నాయి, అవి ఇస్తే సగం తిప్పలు తగ్గుతాయి.

ఇక్కడే మరో తప్పు దొర్లుతుంది. నాడి వేగం పెరిగిందనో, కనుపాపలు విచ్చుకున్నాయనో మధ్యలో అట్రోపిన్ ఆపేస్తారు. చూడాల్సింది ఛాతీని. గురగుర పోయిందా, నాడి 80 దాటిందా, బీపీ పై అంకె 80కి మించిందా అన్నదే కొలమానం. ఈ కొలమానం అందుకునేదాకా చాలినన్ని ఆంప్యూల్స్ లేనప్పుడు నేర్పిన పాఠం ఏం చేసుకోవాలి?

ఆక్సిజన్‌దీ అదే తంతు. చిన్న బి-టైప్ సిలిండర్‌లో పట్టేది 1500 లీటర్లు. నిమిషానికి 15 లీటర్ల చొప్పున వదిలితే నిండు సిలిండర్ 100 నిమిషాలు, గేజు సగంలో ఉంటే 50. ఉదయగిరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి 50 నిమిషాల్లో ఏ బండి వస్తుంది? రిజిస్టర్‌లో మాత్రం ‘సిలిండర్: ఉంది’.

మందు ఉండీ అందని సందర్భాలు వేరు. తేనెటీగలు కుట్టి ముఖం ఉబ్బి, ఊపిరాడక, బీపీ పడిపోయినవాడికి ముందు ఆవిల్, హైడ్రోకార్టిజోన్ లాంటి అలర్జీ మందులు ఎక్కించి, అడ్రినలిన్ వైపు భయంభయంగా చూడటం మన దగ్గర పాత జబ్బు. పెద్దవాళ్లకు అడ్రినలిన్ అర మిల్లీలీటరు, తొడ కండలోకి, మొట్టమొదట. తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్లీ. మిగతావన్నీ ఆ తర్వాతే. పదేపదే తర్ఫీదు ఇస్తే వదిలే భయమిది.

ఈఎంటీలు డాక్టర్లు కారని, ఎక్కువ మందులిస్తే గడువు తీరి వృథా అవుతాయని వాదించేవారున్నారు. డాక్టరు సలహా ఫోన్‌లో అందుతూనే ఉంది. మార్కాపురం బండిలో మిగిలిన అట్రోపిన్‌ను గడువుకు మూడు నెలల ముందే పెద్దాసుపత్రికి పంపితే అక్కడ వారంలో చెల్లిపోతుంది. ఇదంతా తెలియక కాదు, చేయకపోయినా అడిగేవాడు లేకనే.

అడిగేది కొండమీది కోతినేం కాదు. ఐస్ ప్యాకులతో చిన్న కోల్డ్ బాక్సు. షిఫ్టు మారినప్పుడు పీహెచ్‌సీ ఫ్రిజ్ నుంచి ఆక్సిటోసిన్ మార్పిడి. మందుల అరలో రోజువారీ గరిష్ఠ వేడిని చూపే థర్మామీటర్, ఆ అంకె రాయడానికి రిజిస్టర్‌లో ఒక గడి. బండి నిలపడానికి రేకుల షెడ్డు కాదు, చెట్టు నీడ. మండలంలో ఏ కేసులు వస్తున్నాయో చూసి సరుకు. సముద్రపు ఒడ్డు మండలానికీ మిర్చి చేల మండలానికీ ఒకే కొలత ఏ లెక్క?

ఇవేవీ చేయకుండా, రేపు ఏదైనా జరిగితే టిక్కు పెట్టిన ఈఎంటీ మీద నోటీసు విసిరి చేతులు దులుపుకుంటామంటే కుదరదు. తనిఖీకి వచ్చే అయ్యవార్లు ఉదయం తొమ్మిదింటి చల్లపూట కాదు, మే నెల మధ్యాహ్నం రెండింటికి రండి. ఆగి ఉన్న బండి తలుపు తీసి, ఆ మందుల పెట్టె మీద అరచేయి ఆనించి నిమిషం సేపు ఉంచండి. ఉంచగలిగితే, అప్పుడు సంతకం పెట్టండి.