రెండో బెజ్జం

మా సూపరింటెండెంటు గారి రిటైర్మెంటు పదిహేను రోజుల్లో ఉందనగా, ఫంక్షన్లో ఎవరెవరు ఏం చేస్తారో రాయమని ఆఫీసులో ఒక కాగితం తిప్పారు. నాకంటే ముందు వాళ్ళు పాట, పద్యం, మిమిక్రీ అని రాశారు. నేను మౌత్ ఆర్గాన్ అని రాశాను. నా దగ్గర మౌత్ ఆర్గాన్ ఉన్న మాట నిజమే. కొని మూడు వారాలైంది. వాయించడం వచ్చా అని ఆ కాగితంలో ఎక్కడా అడగలేదు.

నాది పది బెజ్జాలది. ఒక్కో బెజ్జానికి రెండు స్వరాలు, ఊదితే ఒకటి, పీలిస్తే ఒకటి. అన్నీ బాగానే పలికేవి గానీ రెండో బెజ్జం పీలిస్తే మాత్రం పిల్లి తోక మీద పీట వేసినట్టు ఒక కీచు, ఆ తర్వాత ఉత్త గాలి. నేను ఎంచుకున్న పాటలో పల్లవి మొదలయ్యేదే ఆ స్వరంతో, మంద్రంలో పంచమం, అంటే కింది స్థాయి 'ప'. మిమిక్రీ మనకెందుకని వదిలేశామా అని బాధపడ్డాను.

రాత్రి ఫోన్లో వీడియోలు చూశాను. కొత్త మౌత్ ఆర్గాన్ కొన్నవాళ్ళంతా విప్పి రీడ్లు (లోపల ఊగుతూ పలికే సన్నటి నాలుకలు) సరిచేసుకోవాలని, అలా చేస్తే వెన్నలా పలుకుతుందని ఒకాయన చెప్పాడు. ఆయన విప్పుతుంటే బఠాణీ కాయ ఒలిచినంత తేలిగ్గా ఉంది. నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు రెండో శనివారం, సెలవు. డైనింగ్ టేబుల్ మీద పాత లుంగీ పరిచి, కళ్ళజోడు పెట్టుకుని, గడియారాలు విప్పే స్క్రూడ్రైవర్‌తో దిగాను. ఈ వాయిద్యాన్ని ఊరూరా పంచిపెట్టిన హోనర్ కంపెనీని 1857లో జర్మనీలోని ట్రోసింగెన్‌లో మొదలుపెట్టిన మత్తియాస్ హోనర్ అసలు గడియారాలు చేసే మనిషట. నేను గోడగడియారానికి బ్యాటరీలు మార్చిన మనిషిని. తేడా పెద్దగా ఉండదనుకున్నాను.

పైమూత, కిందమూత తీశాను. ఇత్తడి ప్లేట్లు కనిపించాయి, పైనొకటి, కిందొకటి. ఊపులో వాటినీ విప్పేశాను. మొత్తం ఎనిమిది స్క్రూలు, ఒక్కోటి ఆవగింజకి అన్నయ్య. పోకుండా చేతికందిన మూతొకటి తిరగేసి అందులో వేశాను. ఆ మూత పోపుల డబ్బాది.

లోపల చూస్తే నిజంగా ముచ్చటేసింది. ప్లేటుకి పది చొప్పున ఇరవై ఇత్తడి నాలుకలు, ఎడమవైపు పొడుగ్గా మొదలై కుడివైపుకి వచ్చేసరికి కురచగా, బడిలో ప్రార్థనకి ఎత్తు ప్రకారం నిలబెట్టిన పిల్లల్లా ఉన్నాయి. ప్రతి నాలుకకీ ఒక చివర రివెట్టు, రెండో చివర ఖాళీ. దాని కింద సరిగ్గా దాని కొలతకే కోసిన సందు. ఖాళీగా ఉన్న చివర, దుప్పట్లోంచి పిల్లాడి బొటనవేలు బయటికొచ్చినట్టు కొద్దిగా లేచి ఉంటుంది. కిటుకంతా ఆ లేచిన ఎత్తులోనే ఉంది. ఎత్తు ఎక్కువైతే రీడు గాలి తాగుతుంది, నెమ్మదిగా ఊదితే పలకదు. తక్కువైతే కాస్త గట్టిగా ఊదగానే పీక పట్టేస్తుంది. బొంగురు స్వరాలకి కొంచెం ఎక్కువ ఎత్తు, కీచు స్వరాలకి తక్కువ. ఎంతా అంటే ఒకటి రెండు జిరాక్స్ కాగితాలు దూరేటంత.

జిరాక్స్ కాగితం కత్తిరించుకుని రెండో నాలుక కింద దూర్చాను. ఫ్యాన్ గాలికి ఎగిరిపోయింది. ఇంకోటి కత్తిరించాను. అదీ పోయింది. ఫ్యాన్ ఆపాను. మాది రాజమండ్రి, మే నెల. కళ్ళజోడు మీద చెమట చుక్క పడి, ఆ చుక్కలోంచి చూస్తే నాలుక నాలుగు రెట్లు పెద్దదిగా కనిపించింది. భూతద్దం కలిసొచ్చింది కదా అని పంటిపుల్లతో మెల్లిగా నొక్కాను. ప్లేటుకి అంటుకుపోయింది. సేఫ్టీపిన్నుతో లేపాను. సెల్యూట్ కొట్టింది. మళ్ళీ నొక్కాను.

అక్కడితో ఆగుంటే ఈ వ్యాసం ఉండేది కాదు. ఎలాగూ విప్పాం కదా, మిగతావీ చూద్దాం అనిపించింది. గీజర్ బాగుచెయ్యడానికి వచ్చినవాడు బాత్రూమ్ టైల్స్ గురించి మాట్లాడ్డం మొదలెడతాడే, అలాంటి బుద్ధి. సందు అంచుల్ని గుండ్రటి వస్తువుతో రాస్తే సందు సన్నబడి గాలి వృథా కాదని వీడియోలో చెప్పాడు. పాయసం చెంచా వీపుతో అయిదో సందుని రాశాను. ఎంత సన్నబడిందంటే నాలుక దాంట్లోకి దిగడం మానేసి అంచు మీద కూర్చుని, కదిపితే కందిరీగలా జుయ్యిమంది.

తర్వాత ఫోన్లో శ్రుతి చూసే యాప్ పెట్టుకుని, ప్లేట్లని చేత్తోనే అదిమిపట్టి నాలుగో బెజ్జం ఊదాను. అది మధ్యస్థాయి షడ్జమం, అంటే 'స'. నాలుగు సెంట్లు తక్కువ అని చూపించింది. సెంటు అంటే మనకి తెలిసింది రెండే, ఒకటి పూసుకునేది, రెండోది రిజిస్టర్ చేయించుకునేది. ఇది మూడోది. హార్మోనియం మీద ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకి వంద సెంట్లు. అంటే నూరు సెంట్లు ఎకరమైతే, నాకు నాలుగు సెంట్లు తగ్గాయి. మన ప్రాంతంలో నాలుగు సెంట్లు వదులుకునేవాడు ఎవడు?

శ్రుతి పెంచాలంటే నాలుక కొసన గీకాలి. కొస తేలికై వేగంగా ఊగుతుంది. తగ్గించాలంటే రివెట్టు దగ్గర గీకాలి. అక్కడ బలం తగ్గి నెమ్మదిగా ఊగుతుంది. బ్లేడుతో కొసన గీకాను. తొమ్మిది ఎక్కువైంది. మొదలు దగ్గర గీకాను. ఆరు తక్కువైంది. కొసన. అయిదు ఎక్కువ. మొదలు దగ్గర. ఏడు తక్కువ. పిల్లులకి రొట్టె పంచిన కోతి కథ గుర్తుంది కదా. ఇక్కడ కోతినీ నేనే, రొట్టె పోగొట్టుకున్న పిల్లుల్నీ నేనే. అరగంటకి లుంగీ మీద పసుపు చల్లినట్టు ఇత్తడి పొడి పడింది. యాప్ సున్నా చూపించింది. గర్వంతో తలెత్తి చూస్తే టేబుల్ మీద మూత లేదు.

"ఏమేవ్, ఇక్కడ మూత ఉండాలి?"

"పోపుల డబ్బాది కదండీ? పెట్టేశాను."

తిరగేసిన మూతని మళ్ళీ తిరగేసి పెడితే అందులోవి ఎక్కడికి పోతాయో చెప్పడానికి సైన్సు అక్కర్లేదు. పోపుల డబ్బా తెచ్చి చాటలో బోర్లించాం. ఆవాలు, మెంతులు, జీలకర్ర, మినప్పప్పు, ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ కలవనివన్నీ ఆ రోజు కలిసిపోయాయి. మా చిన్నది ఫ్రిజ్ మీది మాగ్నెట్ పీక్కొచ్చి చాటలో తిప్పింది. ఏడు స్క్రూలు దానికి అంటుకుని వచ్చాయి. ఎనిమిదోది రాలేదు.

"పోన్లే, ఏడు చాలు" అని బిగించేశాను. ఊది చూశాను. పాట మొదలుపెడితే ఎక్కాల్సిన చోట దిగుతోంది, దిగాల్సిన చోట ఎక్కుతోంది. రీడ్లు గీకితే ఇంత ఘోరం జరుగుతుందా అని కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా చిన్నది చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "నాన్నా, అంకెలున్న మూత కిందికి పెట్టావు" అంది. నిజమే. మూతలు తారుమారైతే అంకెల ప్రకారం ఒకటి ఉన్న చోట పది ఉంటుంది, బొంగురు స్వరాలు కుడివైపుకి వచ్చేస్తాయి. మళ్ళీ విప్పి మార్చాను.

ఆ మధ్యాహ్నం పులిహోర. రెండో ముద్ద దగ్గర దవడపన్ను కింద టక్కుమంది. ఆవాలు చిటపటలాడాయి గానీ వాటిల్లో ఒకటి ఎంత వేగినా పేలలేదని వంటింట్లో ఎవరూ గమనించలేదు. నోటితో వాయించేదాని స్క్రూ నోట్లోనే దొరికింది. ఇంగువ వాసనతో సహా బిగించాను.

అయినా రెండో బెజ్జం పలకలేదు. అయిదోది జుయ్యిమంటోంది. నాలుగోది సోమవారం పొద్దున ఊదుతుండగా టింగుమని చిన్న చప్పుడు చేసి, ఆపైన మౌనం పట్టింది.

మా పేటలో హార్మోనియాలు బాగుచేసే ముసలాయన ఉన్నారు. వయసులో ఉన్నప్పుడు పద్యనాటకాల వాళ్ళతో ఊళ్ళు తిరిగి వాయించారు. ఆయన గదిలో ఎటు చూసినా విప్పిన పెట్టెలు, తిత్తులు. గుజరాత్‌లోని పాలితానా నుంచి వచ్చిన రీడ్లు కాగితం పొట్లాల్లో ఉన్నాయి. నేను మౌత్ ఆర్గాన్ ఆయన ముందు పెట్టి, ఎవరో పిల్లలు విప్పేశారని చెప్పాను. ఆయన మూత వాసన చూశారు.

"పిల్లలు పులిహోర తిని విప్పారాండీ?"

ఒప్పుకున్నాను. కిందమూత తీసి చూశారు. "పీల్చే నాలుకలు ప్లేటుకి బయటివైపే ఉంటాయి బాబూ. రెండోదాన్ని సరిచెయ్యడానికి ఈ మూత ఒక్కటీ తీస్తే సరిపోయేది. ప్లేట్లెందుకు విప్పారండీ?" అని గోరుతో నాలుకని ఇలా తట్టి, అలా నిమిరారు. పంటిపుల్ల, సేఫ్టీపిన్ను చెయ్యలేనిది ఆ గోరు రెండు సెకన్లలో చేసింది. తుడిచి, పెదాల దగ్గర పెట్టుకుని మెల్లిగా ఊపిరి తీసుకున్నారు. మంద్రపంచమం గది నిండా పరుచుకుంది.

"మీరు పీల్చండి."

నేను పీల్చాను. కీచు.

"అదీ సంగతి. మీరు గొట్టంతో కొబ్బరిబోండాం తాగుతున్నారు. అంత లాగితే ఏ రీడైనా బిగుసుకుపోతుంది. దీన్ని లాక్కూడదండీ, ఊపిరి తీసుకోవాలి. పెట్టెకి తిత్తి వెనక ఉంటుంది, దీనికి తిత్తి మీ పొట్ట."

నాలుగో బెజ్జం శ్రుతి తగ్గిందని గీకానని చెప్పాను. గట్టిగా ఊదితే స్వరం కాస్త దిగుతుందని, అందుకే కొందరు తయారుచేసేవాళ్ళు శ్రుతిని సెకనుకి 440 కంపనాలకి బదులు 442 దగ్గర పెడతారని, నాలుగు సెంట్లు తగ్గింది రీడులో కాదు నా ఊదుడులో అని చెప్పారు. అయిదోదాని అంచుని ఏదో సన్నటి రేకుతో సర్ది మాటాడించారు. నాలుగోది మాత్రం మొదలు దగ్గరే పగిలిందట. సన్నగా గీకిన చోట బీట.

"ఇది పోయిందండీ. దీనికి సరిపడేది నా దగ్గర లేదు."

లేచి వస్తుంటే వెనక్కి పిలిచారు. "ఒక్కమాట బాబూ. మూడో బెజ్జం ఊది చూశారా ఎప్పుడైనా?"

ఊదాను. అదే పంచమం. రెండోది పీలిస్తే వచ్చేదీ, మూడోది ఊదితే వచ్చేదీ ఒక్కటే స్వరం. పక్కింటి తలుపు తీసే ఉంటే నేను గోడకి కన్నం వేశాను.

కొత్తది ఆర్డర్ పెడితే ఫంక్షన్ దాటాక వస్తుందన్నారు. కాగితం మీద పేరు చెరిపేద్దామని వెళ్తే అప్పటికే దాన్ని లామినేషన్ చేయించి నోటీసు బోర్డుకి పెట్టారు. పాటలోంచి షడ్జమం తీసేసి సాధన చేశాను. ఏడో బెజ్జానికి ఎగిరి పై షడ్జమం అందుకోవచ్చు గానీ, నేను ఎగిరితే ఆరుకో ఎనిమిదికో తగులుతున్నాను.

ఆ రోజు వేదికెక్కాను. పంచమం పొట్టలోంచి పీల్చాను, పలికింది. అంతా బాగానే ఉంది గానీ, పాటలో ప్రతి పాదమూ వెళ్ళి వెళ్ళి షడ్జమం మీదే వాలుతుంది. అక్కడికి రాగానే నిశ్శబ్దం. పాట అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. నేను మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ వాలాల్సిన చోట మౌనం, మళ్ళీ చప్పట్లు. మూడోసారికి సూపరింటెండెంటు గారు లేచి నాకు శాలువా కప్పబోయారు. నేను ఇంకా ఊదుతుంటే శాలువా చేత్తో పట్టుకుని పక్కనే నిలబడ్డారు, చివరిదాకా. మొత్తం ఏడుసార్లు చప్పట్లని మా ఆవిడ లెక్క. పద్యం పాడినాయనకి ఒక్కసారే కొట్టారు.

కొత్తది మొన్న వచ్చింది. రెండోది పలుకుతోంది, నాలుగోది పలుకుతోంది. ఎనిమిదోది ఊదితే మాత్రం కొంచెం గరగరమంటున్నట్టుంది. ఇంట్లో ఎవరికీ వినిపించడం లేదట.

స్క్రూడ్రైవర్ వెతుకుతున్నాను. కనిపించడం లేదు. పోపుల డబ్బాకి మాత్రం రబ్బరు బ్యాండు వేసి ఉంది.