మక్తబ్‌లో రాని నత్తి ఇంట్లో ఎందుకొస్తుంది?

మహారాష్ట్ర నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు, పిల్లలు మక్తబ్‌లో, అంటే ఖురాన్ నేర్పే బడిలో, హాఫిజ్ దగ్గర చదువుకునే మన ఇళ్లలో తరచూ వినే మాట ఇది: "హాఫిజ్ సాబ్ ముందు గడగడా చదువుతవు గదా, నా దగ్గరికొస్తే నత్తి ఎక్కడికెల్లి వస్తది? నాటకాలు చెయ్యకు." పిల్లవాణ్ని ఇలా అనేవాళ్లను చూస్తే నాకు పట్టరాని కోపం వస్తుంది.

వాడిది నాటకం కాదు. నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి పాడేటప్పుడు, పదిమందితో గొంతు కలిపి చదివేటప్పుడు మాట ఆగదు. స్పీచ్ థెరపిస్టులకు ఇది ఎప్పటినుంచో తెలుసు. తజ్వీద్‌తో, అంటే ఉచ్చారణ నియమాల ప్రకారం, ఖురాన్ చదవడం కూడా దాదాపు అలాంటిదే. తర్వాత ఏ మాట రావాలో ముందే తెలుసు. ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలి, అన్నీ ఖరారై ఉంటాయి. ఇంట్లో "ఏం తిన్నావ్‌రా?" అని అడిగితే మాటలు అప్పటికప్పుడు వెతుక్కోవాలి, పైగా అందరూ నోటివంకే చూస్తుంటారు. టెన్షన్ ఉండదా మరి?

అలాగని తజ్వీద్‌ను తక్కువ చేయను. 8వ శతాబ్దంలోనే బస్రాలో ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అరబీ అక్షరాలను గొంతు లోపలి నుంచి పెదవుల దాకా వరుస పెట్టాడు. 1429లో చనిపోయిన ఇబ్నుల్ జజరీ చెప్పిన 17 మఖ్రజ్‌లనే (అక్షరాలు పుట్టే చోట్లనే) ఇప్పటికీ నేర్పుతున్నారు. తెలుగు వ్యాకరణంలో కంఠ్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు చదివినవాళ్లకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. అరబీ అక్షరం ఖాఫ్‌కు నాలుక వెనక భాగం పైకి లేవాలి, కాఫ్‌కు కాస్త ముందుకు రావాలి. మీమ్ (మ), నూన్ (న)ల గున్నా, అంటే ముక్కు పలుకు, ముక్కులోంచి వస్తోందో లేదో ముక్కు మూసి చూస్తే తెలిసిపోతుంది. మంచి ఉస్తాద్ తన నోరు చూపిస్తారు, పిల్లల చేత అనిపిస్తారు, తప్పు విని ఆపుతారు. పలుకు సరిచేసే థెరపిస్టు చేసే పనిలో చాలా భాగం ఇదే.

అయితే తప్పు పట్టే ఆ చెవిని సరిగ్గా వాడాలి. ఇంట్లో తెలుగు, వీధిలో దక్కనీ, బడిలో మరాఠీ మాట్లాడే పిల్లకు ఐన్ అనే అరబీ అక్షరం పలకకపోతే అది లోపం కాదు, ఆ ధ్వని ఆమె భాషల్లో లేదంతే. స, ర లాంటివి మాట్లాడే భాషలన్నిట్లోనూ వయసు దాటినా తప్పుతుంటే అప్పుడు చూపించాలి. ముందు వినికిడి పరీక్ష చేయించాలి. నాలుక కింద నరం కోయిస్తే నత్తి పోతుందనే మాట నమ్మొద్దు, నత్తికి దానికి సంబంధం లేదు.

చదవలేక తడబడే పిల్లల్ని బెత్తంతో బెదిరించేవాళ్లు ఒక హదీసు గుర్తు చేసుకోవాలి. ఖురాన్‌ను తడబడుతూ, కష్టపడి చదివేవారికి రెట్టింపు పుణ్యమని ప్రవక్త భార్య ఆయిషా గారి ద్వారా వచ్చింది, బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండింట్లోనూ ఉంది. నాలుక ముడి విప్పమని మూసా ప్రవక్త అలైహిస్సలాం చేసిన దువా (ప్రార్థన) ఖురాన్‌లోని తాహా సూరాలో (అధ్యాయంలో) ఉంది. తల్లిదండ్రులు ఆ దువా తప్పక చదవాలి, బిడ్డను థెరపిస్టు దగ్గరికీ తీసుకెళ్లాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్లు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వచ్చి పిల్లల్ని చూస్తారు. వినికిడి, మాట ఆలస్యం కూడా ఆ పరీక్షల్లో ఉన్నాయి. ఉస్తాద్‌లారా, మీకు అనుమానం వచ్చిన పిల్లల సంగతి అమ్మానాన్నలకు మెల్లగా చెప్పండి, ఆ టీమ్‌కు చూపించమనండి. థెరపిస్టులూ, ఆ పిల్లవాడు ధారాళంగా చదివే సూరా ఏదో అడిగి వినండి. అక్కడి నుంచి మొదలుపెట్టి కథ చదవడానికి, తర్వాత మామూలు మాటకు తీసుకురండి.