పాత బండికి సెన్సర్ పెట్టండి, 14.7 వెంట మాత్రం పడకండి

పాత మోటార్‌సైకిళ్ల పిచ్చి ఉన్నవాళ్లు ఇప్పుడు రెండు వర్గాలుగా చీలిపోయారు. కార్బొరేటర్‌ని చెవితో, ముక్కుతో, ప్లగ్ రంగుతో ట్యూన్ చేసేవాళ్లు ఒకవైపు. సైలెన్సర్ బెండ్ పైపుకు చిల్లు పెట్టి, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని బట్టి గాలి, పెట్రోలు పాళ్లు చెప్పే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ బిగించి, హ్యాండిల్ మీద ఆ అంకెలు చూసుకునేవాళ్లు ఇంకోవైపు. వీళ్లకు వాళ్లు చాదస్తం మనుషులు, వాళ్లకు వీళ్లు స్క్రూ డ్రైవర్ పట్టుకోవడం రాని ల్యాప్‌టాప్ మెకానిక్‌లు. నా ఓటు సెన్సర్‌కే. కాకపోతే సెన్సర్ పెట్టించుకున్నవాళ్లలో చాలామంది దాన్ని వాడుతున్న తీరు చూస్తే, పెట్టకపోయినా బండి సుఖంగా ఉండేదేమో అనిపిస్తుంది.

గొడవంతా 14.7 దగ్గరే. గ్రాము పెట్రోలు పూర్తిగా కాలాలంటే లెక్క ప్రకారం 14.7 గ్రాముల గాలి కావాలి, దీన్నే లాంబ్డా 1 అంటారు (కావలసిన గాలికి నిజంగా అందే గాలి ఎన్ని రెట్లో చెప్పేదే లాంబ్డా). గాలి అంతకంటే తగ్గితే మిశ్రమం రిచ్, పెరిగితే లీన్. దాంతో డిస్‌ప్లే మీద 14.7 కనిపించేదాకా కార్బొరేటర్‌లో జెట్లు (పెట్రోలు ఎంత వెళ్లాలో తేల్చే చిల్లు ముక్కలు) మారుస్తూ కూర్చుంటారు. అసలు ఆ అంకెకు అంత పేరు తెచ్చింది పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్. కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు మూడింటినీ ఒకేసారి శుభ్రం చేయాలంటే మిశ్రమం 14.7కి అటూ ఇటూ వెంట్రుకవాసిలో ఉండాలి. 1976లో బాష్ ఆక్సిజన్ సెన్సర్ వోల్వో కార్లలోకి వచ్చింది ఆ పని మీదే. కన్వర్టరే లేని 1960ల నాటి బండి ఆ గీత మీద ఎందుకు నిలబడాలి?

నిలబెడితే దెబ్బ తగిలేది ఇంజిన్‌కే. రేడియేటర్ లేదు, ఫిన్ల (ఇంజిన్ మీది రెక్కల) మీద తగిలే గాలి తప్ప దానికి ఇంకో దిక్కు లేదు. ఫుల్ థ్రాటిల్‌లో, అంటే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, లోడ్ పడ్డప్పుడు ఇలాంటి ఇంజిన్‌కు 12.5 నుంచి 13 మధ్య మిశ్రమం కావాలి, అంటే లాంబ్డాలో దాదాపు 0.85 నుంచి 0.88. అదనంగా వెళ్లే ఆ పెట్రోలు ఆవిరవుతూ లోపలి వేడిని కొంత తీసుకుంటుంది, పవర్ కూడా అక్కడే బాగా వస్తుంది. ఆ సమయంలో 14.7 మీద నడిపితే హెడ్ వేడెక్కి, నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలై, చివరికి పిస్టన్ పట్టేయొచ్చు. తక్కువ లోడ్ మీద పావు థ్రాటిల్‌తో నిదానంగా పోతున్నప్పుడైతే 14 దాటినా ఏం కాదు. అంటే బండి మొత్తానికి ఒకే సరైన అంకె అంటూ ఉండదు, థ్రాటిల్ ఎంత తెరిచారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది.

ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఇంకో తిరకాసు. 10 శాతం ఇథనాల్ ఉంటే పూర్తిగా కాలడానికి 14.1 వంతుల గాలి చాలు, 20 శాతం ఉంటే దాదాపు 13.5 చాలు. ఒకప్పటి శుద్ధమైన పెట్రోలుకు సరిపోయిన జెట్లే ఉంచి ఇది పోస్తే ఆ మేరకు బండి లీన్ అయిపోతుంది. సెన్సర్ నిజానికి కొలిచేది లాంబ్డానే, డిస్‌ప్లే దాన్ని 14.7తో హెచ్చించి చూపిస్తుంది, ట్యాంకులో ఏం పోశారో దానికి తెలీదు కదా. అందుకే డిస్‌ప్లేని లాంబ్డా మోడ్‌లో పెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఇంత చెప్పి సెన్సర్‌కే ఓటు ఎందుకంటే, చెవికి ఫుల్ థ్రాటిల్‌లో లీన్ దొరకదు. పైగా కాస్త లీన్ అయిన ఇంజిన్ చురుగ్గా, గలగలా పలుకుతూ బాగున్నట్టే ఉంటుంది, పట్టేసే ముందు దాకా. ఇక ప్లగ్ రంగు చూడటం సీసం కలిపిన పెట్రోలు నాటి విద్య. ఇప్పటి పెట్రోలు ప్లగ్ మీద పెద్దగా రంగే వేయదు. ఫుల్ థ్రాటిల్‌లో పోతూ క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి ప్లగ్ విప్పి చూసినా తెలిసేది మెయిన్ జెట్ సంగతి ఒక్కటే, మిగతా రేంజ్ అంతా ఊహే.

సెన్సర్ గొప్పదనం ఆ మిగతా రేంజ్‌లోనే తెలుస్తుంది. యాక్సిలరేటర్ గ్రిప్ మీద ఓ ముక్క, దాని పక్కన స్విచ్ హౌసింగ్ మీద ఓ ముక్క మాస్కింగ్ టేప్ అంటించి, ఎనిమిదో వంతు, పావు, సగం, ముప్పావు గీతలు గీసుకోవాలి. ఎనిమిదో వంతు దాకా పైలట్ జెట్ (ఐడ్లింగ్‌కు పెట్రోలిచ్చే చిన్న జెట్) రాజ్యం, అక్కడి నుంచి పావు వరకు స్లయిడ్ కటవే (గాలి దారి తెరిచే స్లయిడ్ కింది అంచున కోసిన భాగం), పావు నుంచి ముప్పావు వరకు నీడిల్, నీడిల్ జెట్ (స్లయిడ్‌కు వేలాడే సూది, అది దిగే చిల్లు), ఆపైన మెయిన్ జెట్. ఒకే గేరులో, కొంచెం ఎత్తు రోడ్డు మీద, ఒక్కో గీత దగ్గర గ్రిప్ కదలకుండా పట్టుకుని లాంబ్డా చూస్తే ఏ భాగం తేడా చేస్తోందో దొరికిపోతుంది. టేప్ లేకుండా చూసిన అంకెకు నేనైతే విలువ ఇవ్వను.

భాగం దొరికినా కారణం మాత్రం మనమే వెతుక్కోవాలి. పాత అమల్ కంపెనీ కార్బొరేటర్‌తో సగం థ్రాటిల్‌లో 11 చూపిస్తోందనుకోండి. చాలామంది వెంటనే నీడిల్‌ని ఒక గాడి కిందకు దించేస్తారు. అంకె బాగుపడుతుంది, ముప్పావు దగ్గర బండి తడబడటం మొదలవుతుంది. చాలాసార్లు అసలు దొంగ నీడిల్ జెట్. దాని మీద 106 అని ఉంటే చిల్లు 0.106 అంగుళాలని అర్థం, దాని పై సైజు 107. ఏళ్ల తరబడి ఆ ఇత్తడి చిల్లులో నీడిల్ ఆడీ ఆడీ అంగుళంలో వెయ్యో వంతు అరిగినా ఒక సైజు పెద్ద జెట్ వేసినట్టే. కొత్తది వేస్తే పోయేదానికి నీడిల్‌తో కుస్తీ పట్టడం దండగ. అలాగే టాపెట్లు (వాల్వుల సందులు), ఇగ్నిషన్ టైమింగ్, ఫ్లోట్ లెవెల్ (కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు మట్టం) సరిచూడకుండా సెన్సర్ ఆన్ చేయడం కూడా.

ఇంకా ఘోరం, సెన్సర్ ఒక్కోసారి పచ్చి అబద్ధం చెప్తుంది. అది చూసేది పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని. ఐడ్లింగ్‌లో మిశ్రమం మరీ రిచ్ అయి ఇంజిన్ మిస్ కొట్టిందనుకోండి, కాలని గాలి కాలనట్టే పైపులోకి వస్తుంది, డిస్‌ప్లే లీన్ అని 16 చూపిస్తుంది. అది నమ్మి ఇంకా పెట్రోలు పెంచితే ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టే. బెండ్ పైపు జాయింట్ దగ్గర గాలి లాగుతున్నా, సింగిల్ సిలిండర్‌కు పొట్టి సైలెన్సర్ ఉండి స్లో స్పీడ్‌లో బయటి గాలి వెనక్కి వస్తున్నా ఇదే కథ. ఐడ్లింగ్ వరకు చెవినీ, గాలి స్క్రూనీ నమ్ముకోవడమే మేలు, ఈ ఒక్క విషయంలో చాదస్తం మనుషులదే గెలుపు.

బిగించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. సెన్సర్‌ని అడ్డంగా కాకుండా పైకి ఏటవాలుగా పెట్టాలి, లేకపోతే పైపులో చేరిన నీటి చుక్కలు తగిలి లోపలి సిరామిక్ పగులుతుంది. జాయింట్లకు మామూలు సిలికాన్ సీలెంట్ పూస్తే దాని ఆవిరికే సెన్సర్ పాడవుతుంది. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 లాంటి సెన్సర్లు లోపల హీటర్‌తో దాదాపు 780 డిగ్రీల సెల్సియస్ దగ్గర పని చేస్తాయి. ఆ కరెంటు 6 వోల్టుల పాత డైనమో వల్ల అయ్యే పని కాదు, విడిగా 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకోవాల్సిందే. కరెంటు ఇవ్వకుండా పైపులో వదిలేసి బండి నడిపితే మసి పట్టి పోతుంది. ట్యూనింగ్ అయ్యాక సెన్సర్ విప్పేసి ఆ చిల్లుకు బోల్టు బిగించడం మంచిది. ఒరిజినల్ పైపుకు చిల్లు పెట్టడానికి మనసొప్పకపోతే (నాకూ ఒప్పదు) ట్యూనింగ్ కోసమని ఇంకో పైపు ఉంచుకోవాలి.

దశాంశాల కోసం కొట్టుకోవడం కూడా వృథా. సముద్ర మట్టం నుంచి 1000 మీటర్లు ఎక్కితే గాలి సాంద్రత 9 శాతం దాకా తగ్గుతుంది, అవే జెట్లతో మిశ్రమం 4, 5 శాతం రిచ్ అవుతుంది. పొద్దున చలికి ఒక అంకె, మధ్యాహ్నం ఎండకు ఇంకో అంకె. వీటికి సర్దుకునే తెలివి కార్బొరేటర్‌కు లేదు, కాబట్టి కొంచెం రిచ్ వైపే వదిలేయాలి.

పాత జావా, యమహా ఆర్‌డీ 350 లాంటి టూ స్ట్రోక్ బండ్లకైతే ఈ సెన్సర్ పెట్టమని చెప్పను. కొత్త మిశ్రమం కొంత కాలకుండానే సైలెన్సర్‌లోకి జారిపోవడం వాటి పుట్టుకలోనే ఉంది, ఆ ఆక్సిజన్ అంకెను చెడగొడుతుంది, ఆయిల్ పొగ సెన్సర్‌ని చెడగొడుతుంది. వాటికి ప్లగ్ కింద వాషర్‌లా కూర్చుని వేడి కొలిచే థర్మోకపుల్ చాలు. చిల్లు, వెల్డింగ్, హీటర్ ఏవీ అక్కర్లేదు. మిశ్రమం ఎంతో చెప్పదు గానీ హెడ్ ఎంత కాలుతోందో చెప్తుంది. ఫోర్ స్ట్రోక్ వాళ్లయినా రెండింటిలో ఒకటే కొనగలిగితే ముందు దాన్నే కొనమంటాను.