మెగా చెక్కు గారికి బాలానగర్ షెడ్డు నుంచి ఒక విన్నపం

విరాళాల సభల్లో ఫొటో కోసం ఎత్తిపట్టే పెద్ద అట్ట చెక్కు, మహారాజశ్రీ మెగా చెక్కు గారి దివ్య సముఖమునకు, హైదరాబాద్ బాలానగర్ పారిశ్రామికవాడలో లేత్ మిషన్లను నమ్ముకొని బతుకుతున్న ఒక చిన్న షెడ్డు యజమాని నమస్కరించి వ్రాయు విన్నపము. ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమం పత్రికల్లోని ఫొటోల వల్ల ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉంది.

మేము బుష్‌లు, పిన్నులు తయారుచేసి ఇచ్చే ఒక పెద్ద కంపెనీ, ప్రభుత్వ పాఠశాలలో మరుగుదొడ్ల నిర్మాణానికి విరాళం ఇస్తూ, చప్పట్లకు లోటు రాకుండా మాబోటి వెండర్లను కూడా సభకు పిలిచినందువల్ల తమరిని దగ్గరగా దర్శించుకునే భాగ్యం కలిగింది. తమరిని వేదిక ఎక్కించడానికి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు కావలసి వచ్చింది. ప్రధానోపాధ్యాయురాలికి తమరి కుడి మూల మాత్రమే దక్కడంతో ఫొటోలో ఆవిడవి నాలుగు వేళ్లు మాత్రం పడ్డాయి. కంపెనీ చిహ్నం మాత్రం రూపాయల అంకె కంటే స్పష్టంగా పడింది. ప్రచార లాభం కోసం చేసే స్పాన్సర్‌షిప్పును, కంపెనీలు చట్టప్రకారం చేయవలసిన సామాజిక బాధ్యత ఖర్చు కింద చూపరాదని నిబంధన ఉన్న మాట నిజమే కాని, తమరు ఉత్త ఫోమ్ బోర్డు కనుక ఆ నిబంధన తమరికి తగలదు.

తమరి జన్మపత్రిక 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను. నికర విలువ 500 కోట్లు గాని, టర్నోవరు 1,000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలని అది చెబుతుంది. 2021 నుంచి, ఖర్చు కాని సొమ్మును చట్టం చెప్పిన ఖాతాకు మళ్లించకపోతే జరిమానా కూడా పడుతున్నందువల్ల, మార్చి నెల వచ్చేసరికి కంపెనీలలో దానగుణం ఒక్కసారిగా పొంగుతుంది.

మాకూ ఒక చట్టం ఉంది లెండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సరుకు తీసుకున్నవారు మాబోటి వారికి 45 రోజులు మించకుండా సొమ్ము చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీని నెలనెలా చక్రవడ్డీ లెక్కన కలిపి ఇవ్వాలి. ఆ వడ్డీ అడిగినవాడికి తరువాతి పర్చేజ్ ఆర్డర్ రాదని మా వీధిలో పిల్లవాడికి కూడా తెలుసు. బిల్లు సొమ్ము చేతికి అందకపోయినా దాని మీది జీఎస్టీ మేము ముందే కట్టేస్తాం. ఆ పెద్ద కంపెనీ అకౌంట్స్ విభాగానికి ఫోన్ చేస్తే "సార్ టూర్‌లో ఉన్నారు, వచ్చే వారం బ్యాచ్‌లో పెడతాం" అంటారు. ఏడాది చివర మాత్రం వారే ఒక కాగితం పంపి, తాము మాకు ఎంత బాకీ ఉన్నారో మా చేతనే సంతకం పెట్టించుకుంటారు. బాకీని ఇంత మర్యాదగా ఒప్పుకొని ఇంత నిశ్చింతగా ఎగవేసే పద్ధతి మా తాతల నాటి షావుకార్లకు తెలియదు.

అదే కంపెనీ మాకు వ్యాపార నైతిక నియమావళి కూడా పంపింది. ప్రతి పేజీలోనూ సంతకం, రబ్బరు ముద్ర వేయాలి. "మీ కార్మికులకు జీతాలు సకాలంలో చెల్లిస్తున్నారా?" అని అందులో ఒక ప్రశ్న. అవునని టిక్కు పెట్టి, ఆ నెల జీతాల కోసం మా ఆవిడ గాజులు కుదువపెట్టి వచ్చాను. కాదని రాస్తే నైతికత లేని వెండర్‌నని తీసేస్తారు కదా!

తమరి వంశచరిత్రలో మా నగరానికి పెద్ద పేరే ఉంది. 2005లో ఇక్కడ మొదలైన 108 అంబులెన్సు సేవకు అండగా నిలిచింది సత్యం కంప్యూటర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ అధినేత రామలింగరాజు గారే. ఆ వాహనాలు నిజంగానే ప్రాణాలు నిలబెట్టాయి, అందులో వెటకారానికి తావు లేదు. 2008లో ఆ కంపెనీకి సుపరిపాలనకు గాను గోల్డెన్ పీకాక్ బహుమతి కూడా వచ్చింది. 2009 జనవరి 7న ఆయనే లేఖ రాసి, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. ఆ సొమ్మూ తమరిలాగే చూసుకోవడానికే గాని మార్చుకోవడానికి పనికొచ్చేది కాదు. అంబులెన్సు ఎంత మంచిదైనా ఖాతా పుస్తకానికి పూచీ పడలేదు. బహుమతి ఇచ్చినవారు దాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఇక అసలు విన్నపం. వ్యాపారంలో మామూలుగా చేసే పనులు సామాజిక బాధ్యత లెక్కలోకి రావని నిబంధన. బిల్లులు చెల్లించడం మామూలు పని కనుకే దాని మీద ఎవరికీ ఉత్సాహం లేదని మాకు అర్థమైంది. కాబట్టి మా బకాయిని దానం కిందే రాసుకోండి, మేము అభ్యంతరం చెప్పం. శాలువా, బొకే ఖర్చు మాదే. ఫ్లెక్సీ మీద ఎండీ గారి బొమ్మ ఎంత పెద్దది కావాలన్నా వేయిస్తాం. తమరిని పట్టుకోవడానికి షెడ్డు కుర్రాళ్లు సిద్ధంగా ఉన్నారు. తమరి వెంట బ్యాంకులో చెల్లే తమరి చిన్న తమ్ముణ్ణి కూడా, తేదీ వేసి, వెంటబెట్టుకొని రావలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
బాలానగర్ షెడ్డు యజమాని

తా.క.: బిల్లు నకలు జతపరిచాను. ఇంతకు ముందు పంపినవి దొరకడం లేదని అకౌంట్స్ వారు చెప్పారు.