ఉదయగిరి చెంచాకి దారి మూయొద్దు

2025 జనవరిలో అమెరికాలోని సిన్సినాటి అప్పీళ్ల కోర్టు ఇచ్చిన తీర్పు మీద ఇక్కడున్న మనవాళ్ల మధ్య పెద్దగా చర్చే జరగలేదు. నెట్ న్యూట్రాలిటీ, అంటే నెట్ ఇచ్చే కంపెనీ అన్ని సైట్లనూ ఒకేలా చూడాలనే నిబంధనలు పెట్టే అధికారం, టెలికాం రంగాన్ని చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీకి లేదని ఆ కోర్టు తేల్చేసింది. 2015లో తెచ్చి, 2017లో ఎత్తేసి, 2024లో మళ్లీ పెట్టిన రక్షణ దాంతో పోయింది. కాలిఫోర్నియా లాంటి చోట్ల రాష్ట్ర చట్టం ఉంది. అది లేనిచోట మనకు నెట్ ఇచ్చే కంపెనీ మంచితనమే దిక్కు.

ఈ విషయంలో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలే నయం. అక్కడ ఏ సైటునీ ఆపకూడదు, నెమ్మది చేయకూడదు, డబ్బు తీసుకుని ఒకదాన్ని ముందుకు తోయకూడదు. ఇది ఊరికే రాలేదు.

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి కొన్ని సైట్లను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తర్వాత దానికే ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చారు. ఏమీ లేనివాళ్లకి అంతైనా దక్కుతుంది కదా అన్నవాళ్లు ఉన్నారు. కనిగిరి నుంచి కూలికి వలసపోయే కుటుంబాలను చూసినవాళ్లెవరూ ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేరు. నేనూ కొట్టిపారేయను.

కానీ ఆ ఉచితంలో ఏముండాలో తేల్చింది ఎవరు? సాగర్ కుడికాలువ కింద దర్శి వైపు చివరి భూముల రైతుని అడగండి, పైన తూము ఎవరి చేతిలో ఉందన్నదే పంటని ఎలా తేలుస్తుందో చెబుతాడు. ఫ్రీ బేసిక్స్‌లో చేరాలంటే వాళ్లు పెట్టిన సాంకేతిక షరతులకు లోబడాలి. వీడియోలకు చోటు లేదు. ఉదయగిరిలో చెక్కని చెంచాలుగా, ఫోర్కులుగా చెక్కే ఇల్లాలు తన పనితనం చూపించి అమ్ముకోవాలంటే ఉన్న దారి వీడియోనే. చూసే పేదవాడికి కొంత నెట్ దొరికిందనే అందరూ లెక్కేశారు. చూపించుకోవాల్సిన పేదవాళ్ల సంగతి ఎవరూ అడగలేదు. నా బాధంతా అక్కడే.

నెట్ న్యూట్రాలిటీ కావాలంటూ ఇండియా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి లక్షల మంది ఈమెయిళ్లు పంపారు. 2016 ఫిబ్రవరి 8న, సైటుని బట్టి డేటా ధర మార్చడాన్ని ట్రాయ్ నిషేధించింది. తప్పితే రోజుకి 50,000 రూపాయల జరిమానా, గరిష్ఠంగా 50 లక్షలు. 2018లో, సైట్లను ఆపకూడదు, నెమ్మది చేయకూడదు అనే మిగతా నియమాలకు కేంద్రం ఆమోదం దొరికింది. అదే 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధరలు పడిపోయాయి. ధర దించింది పోటీయే, ఆ నిబంధన కాదు. అయితే చౌకగా వచ్చింది మొత్తం ఇంటర్నెట్, ఎవరో ఏరిపెట్టిన నాలుగు సైట్లు కాదు. ఇవాళ రొయ్యల రైతు గుంట గట్టు మీద నిలబడి ధర కనుక్కుంటున్నా, ఏ యాప్ వాడాలన్నది అతని ఇష్టమే.

ఇప్పుడు అక్కడి టెలికాం కంపెనీలు కొత్త వాదన ఎత్తుకున్నాయి: ఎక్కువ ట్రాఫిక్ పంపే పెద్ద యాప్‌లు నెట్‌వర్క్ ఖర్చులో వాటా ఇవ్వాలట. పెద్ద కంపెనీల మీద జాలి అక్కర్లేదు గానీ, ఆ డేటాకి మన అమ్మానాన్నలు రీచార్జి రూపంలో ముందే డబ్బు కడుతున్నారు. నెట్‌వర్క్ ఫీజులు భరించలేమంటూ లైవ్ వీడియోల సైటు ట్విచ్ 2024 ఫిబ్రవరిలో దక్షిణ కొరియా నుంచి వెళ్లిపోయింది. అమెజాన్ అండ ఉన్న సంస్థే నిలబడలేకపోతే, రేపు కావలి కుర్రాళ్లు పెట్టే యాప్ గతి ఏమిటి?

మన సంఘం తరఫున ఊళ్లలో బడులకు ట్యాబ్‌లు, నెట్ కనెక్షన్లు ఇస్తుంటాం. పిల్లలకు పనికిరానివి ఆపడం టీచర్ల పని, దానికి నా అభ్యంతరం లేదు. ఆ ట్యాబ్‌లు అమ్మే కంపెనీ తన పాఠాలు తప్ప ఇంకేమీ తెరుచుకోకుండా తాళం వేసి ఇస్తే మాత్రం మన విరాళం దానికి పోకూడదు. సంఘం వచ్చే కార్యవర్గం ఒప్పందం రాసుకునేటప్పుడే ఈ షరతు పెట్టాలని కోరుతున్నాను.