కసింకారం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నల్లరంగు కసింకారం గారికి, నమస్కరించి వ్రాయునది ఏమనగా,

నిన్న మధ్యాహ్నం కలంకారీ గుడ్డ మీద గీస్తున్న సీతమ్మవారి పై పెదవి దగ్గర తమరు చేసిన ఘనకార్యం కళ్లారా చూశాం. వెంట్రుకంత గీత గీస్తే, తమరు నూలు పోగుల వెంట పైపైకి పాకి అమ్మవారికి మీసాలు మొలిపించారు. లంకలో రావణుడి కాపలాదార్లు కూడా అంత పని చేయలేదు.

తమరి కోసం ఎన్ని ఉపచారాలు! తుప్పు మేకులు, అరిగిన గుర్రపు నాడాలు, బెల్లం, తాటిబెల్లం, నీళ్లు కుండలో వేసి, మూతికి గుడ్డ కట్టి 20 రోజులు కాపలా. పులిసి పుల్లబడితే గాని ఇనుము కరగదు. ఆ వాసన గురించి పక్కింటివాళ్లు చెప్తారు, వినండి.

పాకడానికి కారణం మాకు తెలియక కాదు. కరక్కాయ పొడి కలిపిన పాలలో గుడ్డను ముంచి, పిండి, ఎండలో బాగా ఆరబెడితే పాలలోని వెన్న రంగును కదలనివ్వదు. శ్రీకాళహస్తిలో చిక్కటి గేదెపాలే కావాలని పట్టుబట్టేది అందుకే. ఈసారి పోసినవి టోన్డ్ ప్యాకెట్ పాలు, వెన్న 3 శాతం. పైగా మబ్బు పట్టి గుడ్డలో చెమ్మ మిగిలింది. రంగు పట్టి ఉంచడానికి కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లు ఓ పిసరు గట్టిగా నొక్కాయి కూడా. సరే, ఒప్పుకున్నాం.

కానీ నీ టక్కరితనం సంగతేంటి? కలం దిగేటప్పుడు పలచటి టీ డికాషన్‌లా, ఏమీ ఎరగనట్టు దిగుతావు. కరక్కాయలోని టానిన్ అనే వగరు, ఆపైన గాలి తగిలాక గానీ నువ్వు నల్లబడవు. అప్పటికే పాకాల్సినంత పాకేసి ఉంటావు! మొదటే నల్లగా కనిపించి చస్తే చెయ్యి ఆపుకునేవాళ్లం కదా? నిమ్మరసం పులిమితే నలుపు పలచబడుతుంది, కింద కరక్కాయ పసుపు కూడా చెడి మచ్చ తేలుతుంది. మీసం తీయబోతే బొల్లి. ముందు చింకి గుడ్డ మీద ఒక చుక్క పెట్టి చూడాల్సింది. పెట్టలేదు. తిట్టు, పడతాం.

ఎరుపు పట్టడానికి రాసే పటిక నీళ్లలో నీ చుక్క ఒక్కటి పడితే చాలు, చవలకొడి మొక్క ఇచ్చే ఎరుపు కాస్తా మురికి గోధుమ రంగుకు దిగుతుంది. పాత కలంకారీ గుడ్డల్లో ముందు చివికి చిల్లులు పడేది కూడా నీ గీతలే. ఉప్పు తిన్న ఇంటికే కన్నం. ఇక పారే నీళ్లలో ఉతకమంటారు పెద్దలు; పారితే కదా మా స్వర్ణముఖి నది.

అయినా లేత పసుపు గుడ్డ మీద నువ్వు నిలిచిన చోట నిలిచావంటే, ఆ రెక్కలు, ఆ కనుబొమలు... ఏ డబ్బా రంగుకీ ఆ నలుపు రాదు, ఏం చేస్తాం.

కుండలో మేకులు మళ్లీ పడ్డాయి. గేదెపాలకు చెప్పాం. 20 రోజుల తర్వాత సీతమ్మ ముందు కలుద్దాం, మర్యాదగా ఉండు.

ఇట్లు,
మీ కలం