ఏడడుగులు చాలవు

పెళ్ళిళ్ళ పేరయ్యలకు, పంచాంగకర్తలకు, సంబంధాల యాప్‌లు నడిపే యజమానులకు ఒక విన్నపం. వధూవరుల జాతకాలు ముందేసుకుని ముప్పై ఆరు గుణాలు లెక్కగట్టే పద్ధతికి ఇక స్వస్తి చెప్పండి. అందులో నాడి ఉంది, గణం ఉంది, రాశి ఉంది, వశ్యం ఉంది. దారిలో ఇద్దరికీ కలిపి ఒక్క నీళ్ళ సీసా మిగిలితే ముందు ఎవరు తాగుతారు అన్నది మాత్రం ఏ గుణంలోనూ లేదు. మా పెళ్ళికి ముప్పై ఆరుకి ఇరవై తొమ్మిది కలిశాయి. "డిస్టింక్షనేనండీ" అన్నారు పంతులుగారు. ఆ ఇరవై తొమ్మిదిలో ఎన్ని నిలిచాయో పదిహేనేళ్ళ తర్వాత కాలిఫోర్నియాలో, యోసెమిటీ నేషనల్ పార్కులో, హాఫ్ డోమ్ అనే కొండ మీద తేలింది.

ఎవరు పడితే వాళ్ళు ఎక్కే కొండ కాదది. లాటరీ తగలాలి. అమెరికాలో ఉండే మనవాళ్ళకి మార్చి అంటే లాటరీల మాసం. హెచ్1బీ వీసాకి పేరు నమోదు చేసేదీ మార్చిలోనే, హాఫ్ డోమ్‌కి దరఖాస్తు పెట్టేదీ మార్చిలోనే. ఒకే దేవుడికి, ఒకే టెంకాయతో, రెండు మొక్కులు. రోజుకి 300 మందినే అనుమతిస్తారు. అందులో 225 పొద్దున ఎక్కి సాయంత్రం దిగేవాళ్ళకి, మిగతా 75 గుడారం మోసుకెళ్ళి అడవిలో పడుకునేవాళ్ళకి. మా ఆఫీసులో ఒకతను వీసా వచ్చి, ఈ పర్మిట్ రాక నాలుగేళ్ళుగా దిగులుపడుతున్నాడు. ఇంకొకతనికి పర్మిట్ వచ్చింది, వీసా రాలేదు. కొండ దిగి నేరుగా శంషాబాద్‌లో తేలాడు. మాకు రెండూ ఉన్నాయి. "దైవసంకల్పం" అంది మా ఆవిడ. దరఖాస్తు పెట్టింది ఆవిడే. నాకు తెలిసింది ఫలితం వచ్చాక.

సామాను సర్దుకోవడం దగ్గరే మొదటి గుణం పోయింది. పార్కువాళ్ళు ఈ దారికి మనిషికి ఒక గాలన్ నీళ్ళు, అంటే నాలుగు లీటర్లకి కాస్త తక్కువ, మోసుకెళ్ళమంటారు. నా లెక్క వేరు. నీళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి, పులిహోర దొరకదు. సంచిలో పులిహోర, పెరుగన్నం, చేగోడీలు, చిన్న సీసాలో ఆవకాయ చేరాయి. నీళ్ళు మిగిలిన చోట సర్దుకున్నాయి.

యోసెమిటీలో ఎలుగుబంట్లున్నాయి. వాసన వచ్చేది ఏదైనా సరే, చీకటి పడ్డాక కారులో ఉంచకూడదు. ఇనప పెట్టెల్లో పెట్టి తలుపు బిగించాలి, లేకపోతే 5,000 డాలర్ల దాకా జరిమానా. తిండే కాదు, టూత్‌పేస్టూ సబ్బూ కూడా వాసన కిందే లెక్క. ఈ నియమం రాసినవాళ్ళకి తెలుగింటి సామాను గురించి ఎవరూ చెప్పినట్టు లేదు. వాసన రానిది మా కారులో ఏముంది గనక? రాత్రి పది గంటలకి టార్చి వెలుతురులో ఆవకాయ, ఇంగువ డబ్బా, అగరొత్తులు, మా ఆవిడ గుంటగలగరాకు నూనె ఒక్కొక్కటే ఇనప పెట్టెలోకి చేరేశాం. చివరికి ఆవిడ నా బూట్ల వంక చూసి, "ఏమండీ, అవి కూడా" అంది.

తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. నాకు భయమేమీ లేదు. తెలుగువాడికి కొండెక్కడం కొత్తా? అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. ఇక్కడ మిస్ట్ ట్రైల్ అనే కాలిబాట మీద వెర్నల్ జలపాతం పైకి రాతిమెట్లు ఆరు వందల పైచిలుకు. లెక్కప్రకారం ఇది మనకి ఆరో వంతు కొండ. ఈ సంగతి దారి పొడవునా చెబుతూ నడిచాను. మెట్లు రెండు వందలు దాటాక చెప్పడం మానేశాను.

తేడా ఎక్కడుందో అప్పుడు తెలిసింది. అలిపిరి దారికి పైకప్పుంది. సామాను దేవస్థానంవారే కొండమీదికి చేరుస్తారు. గాలిగోపురం దగ్గర టీ దొరుకుతుంది. "గోవిందా" అంటే వెనకనుంచి పదిమంది "గోవిందా" అంటారు, ఆ ఊపులో మరో ఇరవై మెట్లు గడిచిపోతాయి. ఇక్కడ ఆయాసం ఆగక నేను "గోవిందా" అంటే, ఎదురొస్తున్న తెల్లాయన చిరునవ్వుతో "గుడ్ మార్నింగ్" అన్నాడు. పైన దర్శనం లేదు, లడ్డూ లేదు. దేవుడే లేని కొండకి ఇంత కష్టపడి పోవడం ఏమిటని ఓ బండ మీద కూర్చుని తర్కించాను. మా ఆవిడ అప్పటికి రెండు మలుపుల పైన ఉంది.

దేవుడు లేడు గానీ కొండకి స్థలపురాణం ఉంది. ఆ లోయలో తరతరాలుగా ఉన్న అహ్వానీచీ ప్రజల కథ ఇది. చాలా రకాలుగా చెబుతారు, అందులో ఒకటి. టిస్సాయాక్ అనే ఆవిడ, ఆమె భర్త దూరం నుంచి నడిచి లోయకి వచ్చారు. ఎండ, దాహం. ఆవిడ ముందు నడిచి సరస్సు దగ్గరికి చేరి, భర్త వచ్చేలోగా ఆ నీళ్ళన్నీ తాగేసింది. ఆయనకి కోపమొచ్చి చెయ్యి చేసుకున్నాడు. ఆవిడ నెత్తిమీది బుట్ట విసిరికొట్టింది. దేవతలు విసిగిపోయి ఇద్దర్నీ రాళ్ళు చేశారు. ఆవిడ హాఫ్ డోమ్, ఎదుటి గట్టున నార్త్ డోమ్ ఆయన. విసిరిన బుట్ట కూడా బాస్కెట్ డోమ్ అనే పేరుతో పక్కనే పడి ఉంది. హాఫ్ డోమ్ ముఖం మీద పైనుంచి కిందికి కనిపించే నల్లటి చారలు ఆవిడ కన్నీళ్ళట. శాస్త్రజ్ఞులు లైకెన్, అంటే రాతికి పట్టే నాచులాంటిది, అంటారు. శాస్త్రజ్ఞుల సంగతికి మళ్ళీ వస్తాను.

మన పురాణంలోనూ కాపురం గొడవలో ఒకావిడ రాయైంది. గౌతముడు అహల్యని శపించి హాయిగా తపస్సుకి వెళ్ళిపోయాడు. అక్కడి దేవతలు ఆ పక్షపాతం చూపలేదు, శిక్ష ఇద్దరికీ సమానంగా పంచారు. కొండ పేరు చూడండి, హాఫ్ డోమ్. తెలుగులో దాన్ని అర్ధాంగి అనక తప్పదు.

ఈ కథ మా ఆవిడకి చెప్పింది నేనే, సగం దారిలో. చెప్పాల్సిన సమయం అది కాదు. ఎందుకంటే అప్పటికి మా దగ్గర ఒక్క సీసా నీళ్ళు మిగిలాయి. చేగోడీలు తిన్నవాడికి దాహం ఎక్కువ. సీసా ఆవిడ చేతిలో ఉంది. "ఆ సరస్సు దగ్గర ఆవిడ తప్పేముందిట?" అంది నెమ్మదిగా మూత తిప్పుతూ. "ఆయన ముందే బయల్దేరి ఉంటే సరిపోయేదిగా. లేకపోతే నీళ్ళకి బదులు పులిహోర మోసుకొచ్చాడేమో." నేను నార్త్ డోమ్ వైపు చూశాను. ఆ క్షణంలో గుణాలు పద్దెనిమిదికి పడిపోయాయి. శాస్త్రం ప్రకారం పద్దెనిమిది అంటే అత్తెసరు పాసు.

ఇక శాస్త్రజ్ఞుల సంగతి. 1860లలో జోసయా విట్నీ అని కాలిఫోర్నియా ప్రభుత్వ భూగర్భ శాస్త్రవేత్త ఈ శిఖరాన్ని చూసి, ఇక్కడ మనిషి పాదం మోపలేదు, ఎప్పటికీ మోపబోదు అని నివేదికలో రాసేశాడు. ప్రభుత్వ నివేదికల విలువ ఏ దేశంలోనైనా ఒక్కటే. పదేళ్ళు గడిచాయో లేదో, 1875లో జార్జ్ ఆండర్సన్ అనే మనిషి రాతికి రంధ్రాలు తొలిచి, ఇనప కొక్కేలు దిగ్గొట్టుకుంటూ, ఒక్కో కొక్కెం మీద నిలబడి తరవాతిది కొట్టుకుంటూ పైకి చేరాడు. 1919లో సియెర్రా క్లబ్ అనే ప్రకృతి పరిరక్షణ సంఘంవాళ్ళు రెండు ఉక్కు తీగలు వేయించారు. ఆ తీగలు పట్టుకునే ఇప్పుడు జనం చివరి 400 అడుగులు పాకుతారు. పది అడుగులకో అడ్డచెక్క ఉంటుంది, దాని మీద ఊపిరి తీసుకోవాలి. మిగతాదంతా నున్నటి బండ, ఇంటి కప్పుకి వేసిన నిచ్చెనంత ఏటవాలు.

విట్నీగారి నివేదిక ఆండర్సన్ విషయంలో తప్పయింది. నా విషయంలో అక్షరాలా నిజమైంది.

తీగల మొదట్లో, సబ్‌డోమ్ అనే బోడిబండ మీద నిలబడి పైకి చూశాను. చీమల బారులా మనుషులు. గాలికి తీగ మూలుగుతోంది. ఆ మహత్తర క్షణంలో నాకు మా పెళ్ళి గుర్తొచ్చింది. పెళ్ళిలో సన్నికల్లు తొక్కించే తంతు ఉంది కదా. "ఈ రాయి ఎక్కు, ఈ రాయిలా స్థిరంగా ఉండు" అని దాని మంత్రం. రాయి ఎక్కాల్సింది వధువు. వరుడు వంగి ఆవిడ పాదం పట్టుకుని పెట్టాలి, అంతే. వరుడు కూడా రాయెక్కాలని ఏ సూత్రమూ చెప్పలేదు. అంటే ప్రతి తెలుగు భార్యా కాపురానికి ముందే పర్వతారోహణలో శిక్షణ పొందిందన్నమాట. ఆ రాయి చిన్నది, ఈ రాయి సముద్రమట్టానికి 8,800 అడుగుల పైచిలుకు. సంప్రదాయం ఒక్కటే. ఈ వాదన మా ఆవిడ ముందు పెట్టాను. చేతికి తొడుగులు వేసుకుంటూ చివరిదాకా విని, "సంచులు చూస్తూ ఉండండి" అంది.

సంచుల కాపలా తేలిక అనుకునేవాళ్ళు అక్కడి ఉడతల్ని చూడలేదు. సేతువు కట్టిన ఉడత వంశం కాదవి. జిప్పు తీస్తాయి. వాటికి గింజ కూడా వేయకూడదు, అది నేరం. అవి మన పులిహోర లాక్కుంటే నేరం కాదు. గంటన్నరసేపు ఒక టోపీ, ఒక చేతికర్రతో పొట్లాన్ని కాపాడాను. ఇది కూడా సాహసమే. దీనికి తీగలు లేవు, ఫొటోలు లేవు, లాటరీ లేదు.

ఆవిడ దిగొచ్చింది. మోచేతులు గీసుకుపోయాయి, కళ్ళు మెరుస్తున్నాయి. పైనుంచి ఎలా ఉందని అడిగితే, ఒక్క క్షణం ఆగి, "మీ నార్త్ డోమ్ చిన్నదిగా కనిపిస్తుందండీ" అంది. పులిహోర నాలుగు ముద్దలు తిని, "బావుంది, ఉప్పు సరిపోయింది" అని ఒప్పుకుంది కూడా. ఆ వాక్యాన్ని రికార్డు చేసుకోనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. అక్కడినుంచి కిందికి ఏడు మైళ్ళు ఎవరి మోకాళ్ళతో వాళ్ళు మాట్లాడుకుంటూ దిగాం. పెళ్ళినాడు నడిచింది ఏడడుగులు. ఆ రోజు ఆవిడ ఎక్కిన ఎత్తు దాదాపు 4,800 అడుగులు. నావి 400 తక్కువ.

ఫొటో ఆ రాత్రే కుటుంబం గ్రూపులో పడింది. శిఖరం చివరన చేతులు చాపి మా ఆవిడ, కింద పాతాళమంత లోయ. డాలస్‌లో ఉండే మా చెల్లెలు వెంటనే అడిగింది, "వదినా, అన్నయ్య ఏడీ?" అని. "ఫొటో తీసేవాడు ఫొటోలో ఎలా ఉంటాడమ్మా?" అని నేను గంభీరంగా రాశాను. మా ఆవిడ ఒక్క మాట కూడా రాయలేదు. రెండో ఫొటో పెట్టింది. పైనుంచి కిందికి తీసింది. తీగల మొదట్లో, పోపులో ఎండుమిరపకాయ ముక్కంత ఎర్ర టోపీ. కర్ర ఎత్తి దేనివెంటో పరుగెడుతోంది.

మళ్ళీ మార్చి వచ్చింది. మా ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని దరఖాస్తు నింపుతోంది. కూడా వచ్చేవాళ్ళు ఎవరు అన్నచోట మా చెల్లెలి పేరు రాసింది.